ఇరిగేట్ (సెయింట్ పాల్)

ఇరిగేట్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ నగరంలో 2011 నుండి 2014 వరకు నడచిన ఒక సామాజిక కళా కార్యక్రమము. నగరంలోని యూనివర్సిటీ అవెన్యూ మీద గ్రీన్ లైన్ అనే తేలికపాటి రైలుమార్గాన్ని నిర్మించుచున్న కాలంలో, ఆ రహదారి పొడవునా స్థానిక కళాకారులకు చిన్న మొత్తాలలో ఆర్థిక సహాయం అందించి, దుకాణదారులతోను, స్థానిక సంస్థలతోను కలిసి కళాప్రదర్శనలు, కుడ్యచిత్రాలు మొదలైనవి చేయించుట దీని ముఖ్య కార్యము. ఒక్కొక్క పథకానికి ఇచ్చిన సహాయం 1,000 డాలర్ల వరకు మాత్రమే. మూడు సంవత్సరాలలో 600 మందికి పైగా కళాకారులు శిక్షణ పొందగా, సుమారు 220 మంది కళాకారులు 150 పథకాలను చేపట్టిరి. "ఇరిగేట్" అను ఆంగ్ల పదానికి పొలానికి నీరు పెట్టుట అని అర్థము.

స్ప్రింగ్‌బోర్డ్ ఫర్ ది ఆర్ట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ, సెయింట్ పాల్ నగర పాలక వ్యవస్థ, లిస్క్ అనే సామాజికాభివృద్ధి సంస్థ యొక్క స్థానిక శాఖ, ఈ మూడూ కలిసి దీనిని నిర్వహించినవి. కళను పట్టణాభివృద్ధికి సాధనంగా వాడు పద్ధతికి అమెరికాలో "క్రియేటివ్ ప్లేస్‌మేకింగ్" అని పేరు. తెలుగులో దీనిని సృజనాత్మక స్థలనిర్మాణం అనవచ్చును. ఈ పద్ధతికి చెందిన తొలి ప్రయోగాలలో ఇరిగేట్ ఒకటి. కొద్దిమంది కళాకారులకు పెద్ద మొత్తాలు ఇచ్చుటకు బదులు, ఎక్కువమందికి చిన్న మొత్తాలు ఇచ్చిన విధానం వలన ఇది ప్రత్యేకంగా ప్రసిద్ధి చెందినది.

నేపథ్యం

యూనివర్సిటీ అవెన్యూ

యూనివర్సిటీ అవెన్యూ సెయింట్ పాల్ నగరాన్ని పొరుగున ఉన్న మినియాపోలిస్ నగరంతో కలిపే ప్రధాన రహదారి. ఈ రెండింటినీ కలిపి జంటనగరాలు అని వ్యవహరిస్తారు. 1950ల ఆరంభం వరకు ఈ వీధిలో ట్రాములు నడిచేవి. జంటనగరాలలో ట్రాముల వ్యవస్థ 1954లో పూర్తిగా మూతపడినది. ఆ తరువాతి కాలంలో ఈ వీధి కార్ల విక్రయశాలలకు ప్రసిద్ధి చెందినది. క్రమంగా ఆ వ్యాపారాలు శివారు ప్రాంతాలకు తరలిపోగా, ఖాళీ అయిన భవనాలలో వలస వచ్చిన కుటుంబాలు చిన్న చిన్న దుకాణాలు, భోజనశాలలు తెరిచినవి. వియత్నాం యుద్ధానంతరం లావోస్ నుండి వచ్చిన హ్మాంగ్ ప్రజలు, వియత్నామీయులు, కంబోడియా వారు, తరువాత సోమాలియా నుండి వచ్చినవారు ఈ ప్రాంతంలో స్థిరపడిరి. వీరితో పాటు ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ నివసించుచున్నవి. ఈ వీధికి ఆనుకొని ఉన్న పేటలలో ఫ్రాగ్‌టౌన్ ఒకటి.

రాండో ఉదంతం

రైలుమార్గం పట్ల స్థానికులకు కలిగిన భయానికి మూలం ఒక పాత గాయము. యూనివర్సిటీ అవెన్యూకు దక్షిణంగా రాండో అనే పేట ఉండేది. ఇది సెయింట్ పాల్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ల ప్రధాన నివాస ప్రాంతము. 1956 – 1968 మధ్య ఇంటర్‌స్టేట్ 94 అనే జాతీయ రహదారిని ఈ పేట మధ్య నుండి నిర్మించిరి. వందలాది కుటుంబాలు ఇళ్ళు కోల్పోయినవి. దుకాణాలు, సంఘాలు, ఇరుగుపొరుగు సంబంధాలు చెదిరిపోయినవి. ఆ జ్ఞాపకాన్ని నిలుపుటకు 1983 నుండి "రాండో డేస్" అనే ఉత్సవము జరుపుట మొదలైనది. నగర మేయరు క్రిస్ కోల్‌మన్ ఈ విధ్వంసానికి బహిరంగంగా క్షమాపణ చెప్పినది 2015లో.

కనుక 2000 దశకంలో అదే ప్రాంతం గుండా మరొక భారీ రవాణా నిర్మాణం రానున్నదని తెలిసినప్పుడు, "మా మీదుగా పోయే మార్గము మాకు ఏమి మిగుల్చును?" అను ప్రశ్న సహజంగానే తలెత్తినది.

గ్రీన్ లైన్ వివాదములు

గ్రీన్ లైన్‌కు నిర్మాణకాలంలో సెంట్రల్ కారిడార్ అని పేరు. దీని పొడవు సుమారు 11 మైళ్ళు (18 కిలోమీటర్లు). వ్యయం 95.7 కోట్ల డాలర్లు. ఇందులో దాదాపు సగం సమాఖ్య ప్రభుత్వం భరించినది. తొలి ప్రణాళికలో మినియాపోలిస్ వైపున, విశ్వవిద్యాలయం వద్ద స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉండగా, పేదలు, వలసదారులు ఎక్కువగా ఉన్న తూర్పు భాగంలో స్టేషన్ల మధ్య దూరం ఎక్కువగా ఉండినది. వ్యయానికి తగిన ప్రయోజనాన్ని లెక్కించుటకు అప్పట్లో ఉన్న సమాఖ్య నియమమే ఇందుకు కారణము. స్థానిక సంఘాలు పట్టుదలతో ఉద్యమించినవి. 2010 జనవరిలో సమాఖ్య ప్రభుత్వం ఆ నియమాన్ని సడలించినది. దాని ఫలితంగా వెస్టర్న్, విక్టోరియా, హామ్లిన్ అనే మూడు స్టేషన్లు ప్రణాళికలో చేరినవి.

రెండవ వివాదము దుకాణాల మనుగడకు సంబంధించినది. నిర్మాణ సమయంలో రహదారిని తవ్వుట, దారి మళ్ళించుట, వీధి పక్క పార్కింగు స్థలాలలో అధిక భాగాన్ని శాశ్వతంగా తొలగించుట వలన చిన్న వ్యాపారులు నష్టపోవుదురని ఆందోళన చెలరేగినది. నల్లజాతీయుల హక్కుల సంస్థ అయిన ఎన్.ఏ.ఏ.సి.పి. స్థానిక శాఖ, మరికొందరు కలిసి సమాఖ్య న్యాయస్థానంలో దావా వేసిరి. నిర్మాణం వలన వ్యాపారాల ఆదాయానికి కలుగు నష్టాన్ని పర్యావరణ నివేదిక తగినంతగా పరిశీలించలేదని 2011 జనవరిలో న్యాయస్థానం తీర్పు చెప్పినది. అయితే పనులను మాత్రము నిలిపివేయలేదు.

దుకాణదారులను ఆదుకొనుటకు "రెడీ ఫర్ రైల్" అనే పథకము ఏర్పడినది. దీని కింద ఒక్కొక్క చిన్న వ్యాపారానికి 20,000 డాలర్ల వరకు, షరతులకు లోబడి మాఫీ చేయదగిన రుణము ఇచ్చిరి. ఇరిగేట్ ఈ రుణ పథకానికి ప్రత్యామ్నాయం కాదు. రుణము దుకాణాన్ని నిలబెట్టుటకు ఉద్దేశించినది కాగా, దుకాణం వరకు మనుషులు వచ్చుటకు ఒక కారణం కల్పించుట ఇరిగేట్ ఉద్దేశము.

సృజనాత్మక స్థలనిర్మాణ భావన

బహిరంగ స్థలాలలో కళకు ప్రభుత్వ ధనం వెచ్చించుట అమెరికాలో కొత్త విషయము కాదు. 1930ల ఆర్థిక మాంద్యకాలంలో సమాఖ్య ప్రభుత్వం వేలాది చిత్రకారులకు, శిల్పులకు పని కల్పించినది. ఫిలడెల్ఫియా నగరం 1959లో నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించు విధానాన్ని చేపట్టినది. తరువాత ఇతర నగరాలు, రాష్ట్రాలు ఈ బాట పట్టినవి. అయితే ఈ పద్ధతులలో సాధారణంగా ఒక సంఘం కళాకారుని ఎంపిక చేయును. శాశ్వత కళాఖండం తయారగును. అక్కడి నివాసులు ప్రేక్షకులుగా మాత్రమే మిగులుదురు.

"క్రియేటివ్ ప్లేస్‌మేకింగ్" అను మాట 2010లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అనే సమాఖ్య కళా సంస్థ కోసం ఆన్ మార్కుసెన్, ఆన్ గడ్వా రచించిన ఒక నివేదిక ద్వారా విస్తృతంగా ప్రచారంలోనికి వచ్చినది. వీరిలో మార్కుసెన్ అప్పట్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండిరి. ప్రభుత్వం, వ్యాపారులు, లాభాపేక్ష లేని సంస్థలు, నివాసులు కలిసి కళ, సంస్కృతి ఆధారంగా ఒక ప్రాంతపు రూపురేఖలను, సామాజిక జీవితాన్ని తీర్చిదిద్దుట అని ఈ భావనను స్థూలంగా వివరించవచ్చును. 2011లో అదే సమాఖ్య సంస్థ "అవర్ టౌన్" అనే గ్రాంట్ల పథకాన్ని ప్రారంభించినది. అదే ఏడాది పలు ధార్మిక సంస్థలు కలిసి ఆర్ట్‌ప్లేస్ అనే ఉమ్మడి నిధిని ఏర్పరచినవి. 2011లో ఆర్ట్‌ప్లేస్ తొలి విడతగా 34 పథకాలకు 1.15 కోట్ల డాలర్లు ప్రకటించినది. వాటిలో ఇరిగేట్ ఒకటి. దీనికి 7.5 లక్షల డాలర్లు లభించినవి. పదేళ్ళ కాలానికి ఏర్పడిన ఆర్ట్‌ప్లేస్ 2020లో తన కార్యక్రమాన్ని ముగించినది.

పని చేసిన తీరు

స్ప్రింగ్‌బోర్డ్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారులకు వృత్తిపరమైన సలహాలు, న్యాయ సహాయము, ఆరోగ్య సేవలకు దారి చూపుట వంటి పనులు చేయు సంస్థ. ఇరిగేట్ కాలంలో లారా జేబెల్ దీని కార్యనిర్వాహక సంచాలకురాలు. కళాకారులతో ఇంతకు ముందే ఉన్న పరిచయాలు ఈ కార్యక్రమానికి పునాదిగా పనిచేసినవి. నగర పాలక వ్యవస్థ అధికారిక మద్దతును, లిస్క్ పేటల సంఘాలతో తనకున్న సంబంధాలను సమకూర్చినవి.

కార్యక్రమము ఈ క్రింది దశలలో సాగినది.

శిక్షణ: రైలుమార్గం వెంబడి నివసించు లేక పనిచేయు కళాకారులకు, ఆ ప్రాంతంతో అనుబంధమున్నవారికి ఒక రోజు శిక్షణ శిబిరము నిర్వహించిరి. చిత్రకారులు, నర్తకులు, సంగీతకారులు, నటులు, కవులు, శిల్పులు ఇందులో పాల్గొనిరి. చిత్రం వేయుటో, నాట్యం చేయుటో ఇక్కడ నేర్పలేదు. ఒక దుకాణదారునితో మాట కలుపుట, పేట అవసరాలు వినుట, సంఘాలతో కలిసి పనిచేయుట శిక్షణాంశములు.

భాగస్వామిని వెదకుట: శిక్షణ పొందిన కళాకారుడు తానే వెళ్ళి ఒక దుకాణాన్ని, భోజనశాలను లేక స్థానిక సంస్థను భాగస్వామిగా కుదుర్చుకొనవలెను. దీనికి ప్రత్యామ్నాయం లేదు. వీధిలో ఎవరితోను సంబంధం లేకుండా కళాకారుడు ఒంటరిగా చేయు పనికి సహాయం లభించదు.

సహాయం: ఇద్దరూ కలిసి చేసిన ఆలోచనకు 1,000 డాలర్ల వరకు ఇచ్చిరి.

ప్రదర్శన: భోజనశాలలో సంగీత కచేరీలు, దుకాణాల గోడల మీద కుడ్యచిత్రాలు, కాలిబాట మీద నాట్య ప్రదర్శనలు, కిటికీల వెనుక కళాఖండాల అమరికలు, కవితా పఠనాలు, వీధి నాటకాలు ఈ విధంగా ఏర్పడినవి. వీటిలో కొన్ని ఒక సాయంత్రంతో ముగిసినవి, మరికొన్ని ఏళ్ళ తరబడి గోడల మీద నిలిచినవి.

చిన్న మొత్తము ఎందుకు

ఇరిగేట్ విధానంలో కీలకాంశము మొత్తం చిన్నది కావుటయే. దీనికి పలు కారణాలు కలవు.

మొదటిది నష్టభయము. వెయ్యి డాలర్ల పథకం విఫలమైనచో నష్టం స్వల్పము. కనుక ఇంతవరకు గ్రాంటు ఎన్నడూ పొందని కళాకారునికి కూడ అవకాశం ఇవ్వవచ్చును. పెద్ద గ్రాంట్లకు దరఖాస్తు వ్రాయుట ఒక ప్రత్యేక నైపుణ్యము. ఆంగ్లం రెండవ భాషగా ఉన్నవారు, సంస్థల అండ లేనివారు అక్కడ వెనుకబడుదురు.

రెండవది సంఖ్య. ఒక పెద్ద శిల్పం ఒక కూడలిని మాత్రమే అలంకరించును. 150 చిన్న పథకాలు మైళ్ళ పొడవునా, నెలల తరబడి ఏదో ఒకటి జరుగుచున్నదను భావన కలిగించినవి.

మూడవది కాలము. నిర్మాణపు బాధ తాత్కాలికము కనుక, శాశ్వత కళాఖండం పూర్తగు లోపల దుకాణం మూతపడవచ్చును. చిన్న పథకాలు త్వరగా మొదలై, తవ్వకాలు జరుగుచున్న రోజులలోనే జనాన్ని రప్పించగలవు.

నాలుగవది సంబంధములు. కార్యక్రమము ముగిసిన తరువాత కూడ కళాకారునికి, దుకాణదారునికి మధ్య పరిచయం మిగులును. నిర్వాహకులు దీనినే ముఖ్య ఫలితంగా భావించిరి.

150 పథకాలకు ఒక్కొక్కదానికి వెయ్యి డాలర్ల చొప్పున లెక్కించినను మొత్తం లక్షన్నర డాలర్లు మాత్రమే. 95.7 కోట్ల డాలర్ల రైలుమార్గ వ్యయంలో ఇది ఐదువేలవ వంతు కంటె తక్కువ. అయితే చిన్న గ్రాంటు వెనుక శిక్షణ, సిబ్బంది, దుకాణదారులతో మంతనాలు, ప్రచారము వంటి కనిపించని వ్యయం ఉండును. చిన్న గ్రాంట్ల పథకాలను అనుకరించువారు తరచు విస్మరించు అంశము ఇదే.

ఫలితములు

గ్రీన్ లైన్ 2014 జూన్ 14న ప్రారంభమైనది. ఇరిగేట్ ద్వారా అప్పటికి చేరుకొన్న సంఖ్యలలో నిర్వాహకులు ప్రధానంగా ప్రస్తావించినది వార్తాప్రచారము. కార్యక్రమం గురించి సానుకూల వార్తలు 3 కోట్లకు పైగా సార్లు పాఠకులకు, ప్రేక్షకులకు చేరినట్లు వారు లెక్కించిరి. ఇది మనుషుల సంఖ్య కాదు. ఒకే వ్యక్తి పలుమార్లు చూసిన వార్తలు కూడ ఇందులో చేరును.

ఈ కొలమానాన్ని ఎంచుకొనుటకు కారణం కలదు. నిర్మాణారంభంలో యూనివర్సిటీ అవెన్యూ గురించి వచ్చిన కథనాలలో దావాలు, తవ్వకాలు, పార్కింగు కొరత ప్రధానాంశములు. వీధికి పోవుట కష్టమను ప్రచారమే వినియోగదారులను దూరం చేయును. అదే వీధిలో ఒక వియత్నాం భోజనశాల ముందు సంగీతం వినిపించుచున్నదను చిన్న వార్త ఆ కథనాన్ని కొంత మార్చగలదు. నగరవాసుల సంభాషణను మార్చుట ఇరిగేట్ పరమార్థమని నిర్వాహకులు పేర్కొనిరి.

కార్యక్రమానంతరం స్ప్రింగ్‌బోర్డ్ తమ పద్ధతిని ఇతర నగరాల వారు ఉపయోగించుకొనుటకు వీలుగా మార్గదర్శక సామగ్రిని ప్రచురించినది. తరువాతి కాలంలో ఆ సంస్థ యూనివర్సిటీ అవెన్యూ మీదనే ఒక పాత కార్ల విక్రయశాల భవనంలోనికి తన కార్యాలయాన్ని మార్చుకొన్నది.

ఆ ప్రాంతంలో ఇతర కార్యక్రమములు

ఇరిగేట్ కాలంలోనే ఈ ప్రాంతంలో మరికొన్ని ప్రయత్నాలు జరిగినవి. ఆసియా దేశాల వారి దుకాణాలు ఎక్కువగా ఉన్న భాగానికి స్థానిక వ్యాపార సంఘం 2012లో "లిటిల్ మెకాంగ్" అని పేరు పెట్టినది. మెకాంగ్ ఆగ్నేయాసియాలోని నది పేరు. 2014 సెప్టెంబరులో సీటూ జోన్స్ అనే కళాకారుడు, పబ్లిక్ ఆర్ట్ సెయింట్ పాల్ సంస్థ కలిసి ఫ్రాగ్‌టౌన్‌లోని విక్టోరియా వీధిలో అర మైలు పొడవైన బల్ల వేసి, సుమారు 2,000 మందికి సామూహిక భోజనం ఏర్పాటు చేసిరి. గ్రీన్ లైన్ స్టేషన్లలో ఎంపికైన కళాకారులు రూపొందించిన శాశ్వత కళాఖండాలు కూడ కలవు. అవి రైలు నిర్మాణంలో భాగము కాగా, ఇరిగేట్ వాటితో సంబంధం లేకుండా నడచినది.

విమర్శలు

సృజనాత్మక స్థలనిర్మాణము పట్ల వచ్చిన విమర్శలు ఇరిగేట్ వంటి కార్యక్రమాలకు కూడ వర్తించును.

కొలమాన సమస్య: ఒక వీధి "చైతన్యవంతమైనది" అని ఎట్లు నిర్ణయించవలెను? ఈ భావనకు ప్రచారం కల్పించిన ఆన్ మార్కుసెన్ స్వయంగా 2012లో వ్రాసిన వ్యాసంలో ఆర్ట్‌ప్లేస్ వంటి సంస్థలు ప్రతిపాదించిన సూచికలను విమర్శించిరి. భావనలు అస్పష్టంగా ఉన్నవని, వాటిని పరోక్ష గణాంకాలతో కొలుచుట సరికాదని ఆమె వాదన. ఒక పథకము వలన కలిగిన మార్పును, రైలు వచ్చుట వంటి పెద్ద కారణాల వలన కలిగిన మార్పును వేరు చేయుట కష్టము.

చెందుట అను ప్రశ్న: అరిజోనాలోని టూసాన్ నగర కళా మండలి సంచాలకుడుగా పనిచేసిన రాబర్టో బెడోయా, ఈ ఉద్యమము స్థలాన్ని అందంగా చేయుట గురించి మాట్లాడినంతగా, ఆ స్థలం ఎవరికి చెందినదో మాట్లాడలేదని విమర్శించెను. జాతి వివక్ష వలన ఇళ్ళు కోల్పోయిన చరిత్ర గల చోట ఈ ప్రశ్న మరింత ముఖ్యము. రాండో ఉదంతం దీనికి తగిన ఉదాహరణ.

అద్దెల పెరుగుదల: కొత్త రైలు, కొత్త పేరు, కొత్త కళ కలిసి వచ్చినచోట భూమి విలువ పెరుగును. అద్దెలు పెరిగి పాత నివాసులు, దుకాణదారులు, చివరకు కళాకారులే తరలిపోవలసి వచ్చునను భయం కలదు. 1,000 డాలర్ల గ్రాంటు దీనిని ఆపలేదు. ఇళ్ళ విధానం, అద్దెల నియంత్రణ, భూ యాజమాన్యం వంటివి వేరు సాధనములు.

కళాకారుల ప్రతిఫలము: చిన్న గ్రాంట్లు ఎక్కువమందికి చేరినను, అవి కళాకారుని జీవనానికి చాలవు. చౌకగా లభించు శ్రమగా కళను చూచు అలవాటు పెరుగునని కొందరి అభిప్రాయము.

ప్రాముఖ్యత

పెద్ద ప్రజా నిర్మాణాల వలన ఇబ్బంది పడు ప్రజలకు సాధారణంగా నష్టపరిహారము, రుణము, హెచ్చరిక ఫలకాలు లభించును. నిర్మాణకాలాన్ని కూడ ఆ ప్రాంత జీవితంలో భాగంగా గుర్తించి, దానిని భరించుటకు సాంస్కృతిక సాధనాలు వాడుట ఇరిగేట్ చూపిన మార్గము. స్టేషన్ల కొరకు, ఆదాయం కొరకు స్థానికులు చేసిన పోరాటాలు ముందుగా జరిగినవి. కళ ఆ పోరాటాల స్థానాన్ని ఆక్రమించలేదు. మూడు స్టేషన్లు ఉద్యమం వలన వచ్చినవి, రుణములు ఒత్తిడి వలన వచ్చినవి. వాటి తరువాత, తవ్విన వీధిలో దుకాణం తలుపు తెరిచి ఉంచిన వారికి పొరుగువారు వచ్చుటకు ఒక సాకు కల్పించుట ఇరిగేట్ చేసిన పని. చిన్న గ్రాంట్ల శక్తిని, పరిమితిని ఒకేచోట చూడదగిన ఉదాహరణగా ఈ కార్యక్రమాన్ని పట్టణ ప్రణాళికా విద్యార్థులు అధ్యయనం చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

సెయింట్ పాల్
మిన్నెసోటా
కుడ్యచిత్రం
పట్టణ ప్రణాళిక
హ్మాంగ్ ప్రజలు